ముల్లు లేని కాలు

మా సారు ఎవరింటికి వెళ్ళినా ముందు పలకరించేది గోడల్ని. గడప దాటగానే తల పైకెత్తి, గది మూలలు నాలుగూ చూసుకుని, ఆ తర్వాత మనుషుల వైపు తిరిగి "ఏం, అందరూ బాగుండారా?" అనేవారు. తెలియనివాళ్ళు బూజు దులపలేదని చూస్తున్నారేమో అనుకుని సిగ్గుపడేవారు. మా అమ్మయితే ఆయన వస్తున్నారని తెలిస్తే చాలు, చీపురు పట్టుకుని గోడల వెంట పరిగెత్తేది. ఆయన వెతికేది సరిగ్గా ఆ చీపురు కింద పడి చచ్చేవాటినే అని ఆమెకు నేను చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు.

ఆయన వెతికేది ఒక ఈగని. మీరూ చూసే ఉంటారు. వానాకాలంలో స్నానాల గది తడి గోడ మీద, ఒంటికి మించిన పొడుగు కాళ్ళు ఆరూ చాపుకుని, ఎవరికీ ఏ అపకారమూ చేయకుండా కూర్చుని ఉంటుంది. పెద్ద దోమ అనుకుని మనం చెప్పు తీస్తాం. అది దోమ కాదు. కుట్టడానికి దానికి తగిన నోరే లేదు. వీటిలో లెక్కలేనన్ని రకాలున్నాయట. అందులో ఒకే ఒక చిన్న ప్రజాతి, అంటే దగ్గరి జాతులు కొన్ని కలిసిన గుంపు, పలకబోతే నాలుక మడతపడే లాటిన్ పేరు ఉన్నది, మా సారు బతుకంతా తినేసింది. ప్రపంచంలో దాన్ని పట్టించుకునేవాళ్ళు ఎంతమంది అని ఒకసారి అడిగితే, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, బొటనవేలు మిగిలిపోయింది చూసుకుని, "నువ్వొకతివి చేరితివి గదా, చెయ్యి నిండింది" అన్నారు.

ఆయన పోయి మూడు నెలలు. ఆ రోజు నేను వెళ్ళాను, దండ వేశాను, ఏడ్చాను. వాళ్ళ ముందు గదిలో ఈగల పెట్టెలున్న బీరువాల వైపు మాత్రం చూడలేదు. వాటిలో ఒక పెట్టెలో, ఒక సూది మీద, నేను చేసిన తప్పు ఒకటి ఇరవై రెండేళ్ళుగా ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

తమిళనాడు ధర్మపురిలో, పెన్నాగరం రోడ్డు మీద ఆయన ఇల్లు. సొంత ఊరు మారండహళ్ళి పక్కన. ఆవుల్ని మేపుకునే కుటుంబంలో పుట్టి, కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగం దాకా వచ్చారు. ఆయన భార్య మా అమ్మకు దూరపు చుట్టం, వరసకు నాకు అక్క. ఆ లెక్కన ఆయన్ని బావా అని పిలవాలి. నోరు రాక సారూ అన్నాను. ఆయన నన్ను పాపా అనేవారు. నేను డ్రాయింగ్ టీచర్ ట్రైనింగ్ ముగించి పోస్టింగ్ కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఈగల బొమ్మలు గీసిపెట్టే మనిషి కావాలని ఆయన వెతుకుతుంటే అక్క నన్ను చూపించింది.

ఆ ముందు గదికి ఒక చట్టం ఉండేది: ఫ్యాన్ వేయకూడదు. స్విచ్ మీద నల్ల టేపు అంటించి ఉండేది. ఎందుకంటే ఈ ఈగల కాళ్ళు ఊడిపోవడానికే పుట్టాయి. బల్లి పట్టుకుంటే కాలు దాని నోట్లో వదిలేసి ఒళ్ళు తప్పించుకుపోతుంది. చచ్చి ఎండిన తర్వాతయితే పక్కన ఎవరైనా తుమ్మినా చాలు. "పంకా పెట్టుకోని కూడా ఉక్కలో ఉడికే ఇల్లు ఈ ఊర్లో ఇదొకటే" అని అక్క గడప అవతల నిలబడి తిట్టేది. కొంగుతో విసురుకోవడం కూడా గడప అవతలే.

నాకు ఆయన నేర్పింది చూడటం. సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, "ముందు వీపు చూడు. ఇంగ్లీషు 'వి' మాదిరి గాడి ఉండాదా?" అనేవారు. ఉంది అంటే "అయితే మన ఇంటోళ్ళే" అనేవారు. ఆ గాడి ఉంటే ఆ పెద్ద కుటుంబానికి చెందిన ఈగ అని అర్థం. తర్వాత రెక్క. రెక్కలో నరాలు ఉంటాయి. చాలా రకాల్లో నడిమధ్య నాలుగు నరాలు కలిసి ఒక చిన్న గది కడతాయి. మా ప్రజాతిలో ఆ గది ఒకవైపు మూసుకోదు. సారు దాన్ని "తలుపు లేని ఇల్లు" అనేవారు. కొత్త ఈగ దొరికినప్పుడల్లా కన్ను అద్దానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, "తలుపు లేదు పాపా, తలుపు లేదు!" అని అరిచేవారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఎవరింట్లోనో తలుపు దొంగతనమైందని అనుకునేవారేమో.

ఆ తర్వాత వచ్చేది తోక. ఒక జాతికీ ఇంకో జాతికీ అసలు తేడా తెలిసేది మగ ఈగ తోక చివర ఉండే కొక్కేలలో. అవి దేనికి పనికొస్తాయో పెళ్ళికాని పిల్లకు చెప్పడానికి సారు పడ్డ అవస్థ నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ, "అది తాళంచెవి. ఆడదాని దగ్గర తాళం ఉంటుంది. ఒగ జాతి తాళంచెవి ఇంగో జాతికి పట్టదు. అంతే. గీయి" అన్నారు. నేను ఆ తాళంచెవుల్ని గ్రాఫు కాగితం మీద, ఒక్కో వెంట్రుకతో సహా, అరచేయంత పెద్దగా గీసేదాన్ని. ఇంట్లో అమ్మ చూసి ఏంటే అది అంటే, కొసు తోక అనేదాన్ని. మా ఇళ్ళలో దోమని తమిళంలోలాగే కొసు అంటాం. ఇరవై మూడేళ్ళ పిల్ల కొసు తోకలు గీస్తూ కూర్చుంటే పెళ్ళి ఎట్లా అవుతుందని అమ్మ దిగులు పడింది.

ఆయనకు ఇంకో అలవాటు. సూది మీద గుచ్చిన ప్రతి ఈగ కింద చిన్న అట్టముక్క, దాని మీద ఇంగ్లీషులో ఊరూ తేదీ. అది లోకానికి. దాని కింద ఇంకొక చీటీ, అది తన కోసం. అది తెలుగు, కానీ రాసింది తమిళ అక్షరాల్లో. మా వైపు ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుకుంటాం. అక్కా చెల్లెళ్ళు ఉత్తరాలు రాసుకున్నా, అంగడి సామాన్ల చీటీ రాసుకున్నా ఇట్లాగే. తమిళులకు చదవడానికి వస్తుంది గానీ అర్థం కాదు. తెలుగు నాడు వాళ్ళకు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. ఈ రెండింటి మధ్య ఉన్న మాలాంటివాళ్ళకే అది తెరుచుకుంటుంది. నేను ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు ముప్ఫై దాటాక ఒకటో తరగతి వాచకం పెట్టుకుని నేర్చుకున్నవి.

ఇక ఆ మే నెల సంగతి.

హొగెనకల్ దారిలో ఒక వాగు ఉంది. ఎండాకాలంలో కూడా ఒక రాతి మీద నీళ్ళు కారుతూ పాచి పచ్చగా ఉంటుంది. ఒక ఉదయం సారుకు అక్కడ ఒక మగ ఈగ దొరికింది. తలుపు లేని ఇల్లే, కానీ తాళంచెవి అంతవరకూ ఎవరూ చూడనిది. పైగా ఆరు కాళ్ళూ ఉన్నాయి! డబ్బాను ఒళ్ళో పెట్టుకుని పెన్నాగరం బస్సులో అడుగు కదపకుండా వచ్చారట. కండక్టర్ సంచిలో పామేమైనా ఉందా అని అడిగితే, "పామయితే ఇంత భయమేంటికప్పా" అన్నారట. దాన్ని మొనలా కత్తిరించిన చిన్న కాగితానికి అతికించి, సూదికి గుచ్చి, మూత ఉన్న డబ్బాలో నా బల్ల మీద పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దడానికి రెండు రోజులు సేలం వెళ్ళారు. తోక గీసి ఉంచమన్నారు.

ఉక్క. చెమట చుక్క కాగితం మీద పడి గీత అలుక్కుపోయింది. అక్క ఊళ్ళో లేదు. నేను లేచి, టేపు సగం లాగి, ఫ్యాన్ వేశాను. ఒక్క నిమిషం అనుకున్నాను. డబ్బా మూత తీసి ఉందని గుర్తొచ్చేసరికి అయిపోయింది. ఈగ ఒళ్ళు కాగితం మొన మీద అట్లాగే ఉంది. కాళ్ళు ఒక్కటీ లేవు.

మోకాళ్ళ మీద పాకి నేలంతా వెతికాను. చాటలోకి దుమ్మెత్తి అద్దం కింద పెట్టి చూశాను. దొరకలేదు. అప్పుడు నేను చేసింది చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. బీరువాలో, ఇంకా సర్దని ఈగల పొట్లాలు ఉండేవి. ఒకటి విప్పి, దాదాపు అదే రంగు అదే పొడుగు ఉన్న ఒక ఈగ కాళ్ళు ఆరూ తీసి, తుమ్మ బంకతో, నా తల వెంట్రుక కొనతో ఒక్కొక్కటీ అతికించాను. మూడు గంటలు పట్టింది. టేపు మళ్ళీ అంటించాను. నిజం చెప్పాలంటే, చివరికి చూసుకుని అచ్చం అసలుదానిలాగే ఉందని కాస్త గర్వపడ్డాను కూడా.

సారు వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేరుగా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ముల్లు ఉండాదే" అన్నారు.

"ఏం ముల్లు సార్?"

"పిక్క చివర. చూడు, పాదం మొదలయ్యేచోట సన్నంగా ఒగ ముల్లు. మన ఇంటోళ్ళకి ఉండకూడదు. ముల్లు ఉండేవోళ్ళ గుంపే వేరే." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రెక్క చూస్తే మనోళ్ళు. కాలు చూస్తే పరాయోళ్ళు. ఇట్లా ఎక్కడా లేదు."

కాళ్ళ గురించి ఆయన అంతవరకూ నాకు పాఠం చెప్పలేదు. ఊడిపోయేవాటికి పాఠమెందుకని వదిలేసి ఉంటారు.

"కాలు గీయి పాపా. గీసేటప్పుడు ఏమన్నా తేడాగా అగుపిస్తే నాకు చెప్పు. సరేనా?"

గీశాను. ముల్లుతో సహా. ఆయన పక్కనే నిలబడి మళ్ళీ అడిగారు. "ఏమన్నా ఉండాదా?"

"ఏమీ లేదు సార్" అన్నాను.

"సరి" అన్నారు.

ఆ నెలలోనే మొరప్పూర్ బడికి పోస్టింగ్ వచ్చింది. పారిపోయినట్టే పోయాను. రెండేళ్ళకి సారు ఒక మధ్యాహ్నం మా బడికి వచ్చారు. స్టాఫ్ రూం మూలలు చూసుకుని, సంచిలోంచి అచ్చయిన వ్యాసం తీసి నా చేతిలో పెట్టారు. "నీ పేరు వేసినారు, బొమ్మలు నువ్వు గీసినావని." సాటి టీచర్లు చప్పట్లు కొట్టారు. నేను దాన్ని తెరవలేదు. ఇంటికి తీసుకెళ్ళి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బీరువాలో చీరల అడుగున పెట్టాను. నా జిగురు కాళ్ళ మీద నిలబడి ఒక కొత్త ప్రజాతి పుట్టిందని, దేశదేశాల పెద్దలు దాన్ని నమ్మి చదువుతున్నారని, ఏదో ఒకరోజు ఎవరో అసలుది పట్టుకుని సారు పరువు తీస్తారని నా భయం. వానాకాలంలో గోడ మీద ఈగ కనిపిస్తే దాని కాళ్ళ వైపు చూడలేకపోయేదాన్ని.

ఇంకో రెండేళ్ళు గడిచాక పెళ్ళిళ్ళలో, బస్ స్టాండులో, ఎక్కడ కనిపించినా సారు ఒకటే మాట. "ఒగ బొమ్మ ఉండాది పాపా. నువ్వు గీయాల. ఎప్పుడన్నా రా." పరీక్షలనీ, పిల్లకి జ్వరమనీ, అత్తకి కంటి ఆపరేషన్ అనీ నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆయన బలవంతం చేసేవారు కాదు. "తీరిక చూసుకోనే రా. అది ఏడికీ పోదు" అని నవ్వేవారు. ఆ ముల్లు కాలే మళ్ళీ గీయమంటారని, ఈసారి నా మొహం చూసి కనిపెట్టేస్తారని నేను వెళ్ళలేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

పోయిన ఆదివారం అక్క ఫోన్ చేసింది. "పాపా, మీ సారు పెట్టెల్ని ఎత్తుకోని పోయేదానికి బెంగళూరు నుంచి ఒగ అమ్మాయి వచ్చిండాది. పెద్ద సదువు సదివిన పిల్ల. ఈగల కింద ఈయన రాసిన చీటీలు తమిళం మాదిరి ఉండాయంట, సదివితే ఏమీ అర్థం కాలేదంట. నాకా కండ్లు అగుపించవు. నువ్వు రా."

ఈసారి సాకు దొరకలేదు.

గది అట్లాగే ఉంది. స్విచ్ మీద టేపు కూడా. "తియ్యబుద్ధి కాలే" అంది అక్క. ఆ అమ్మాయి నుదుటి చెమట తుడుచుకుంటూ, పెట్టెలు ఒక్కొక్కటే తెరుస్తూ, నేను చీటీ చదివి చెబితే ఫోన్లో రాసుకుంటూ పోయింది. "ఇది దొరికిన దినం బస్సు పోయింది, నడిచి వచ్చినా." "ఇది రసంలో పడింది, కడిగినా, పెండ్లాముకి చెప్పలేదు." అక్క గడప అవతల నుంచి, "ఏ రసమో, ఎన్ని తూర్లు తాగినామో" అంది. ముగ్గురం నవ్వాం. చదువుతూ ఉంటే ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది.

ఏడో పెట్టెలో అది ఉంది. చూడగానే గుర్తుపట్టాను.

ఆ అమ్మాయి తమిళంలో అంది, "మేడం, ఇదొకటి నాకు అర్థం కాలేదు. సార్ వ్యాసంలో దీన్ని పాత ప్రజాతిలోనే కొత్త జాతిగా పెట్టారు. కాళ్ళ దగ్గర మాత్రం 'నా అజాగ్రత్త వల్ల పోయినవి, వర్ణించలేదు' అని రాశారు. కాళ్ళ బొమ్మ కూడా లేదు. ఇక్కడ చూస్తే ఆరూ ఉన్నాయి."

నాకు వెంటనే తలకెక్కలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. అంటే నేను గీసిన ముల్లు ఎక్కడా అచ్చు కాలేదు. ఏ కొత్త ప్రజాతీ పుట్టలేదు. ఎవరూ మోసపోలేదు. ఆ వ్యాసం ఇరవై ఏళ్ళుగా నా చీరల కిందే ఉంది, తెరిచి చూసుంటే ఆ రోజే తెలిసేది.

"కింద చీటీ ఉంది, చదవండి" అందా అమ్మాయి.

చదివాను.

"కాళ్ళు దీనివి కావు. అతికించిన చెయ్యి శానా మంచి చెయ్యి. బిడ్డ బయపడిండాది. అడగొద్దు."

కింద తేదీ. ఆయన సేలం నుంచి వచ్చిన రోజు. "ఏమన్నా తేడా ఉండాదా" అని నన్ను రెండుసార్లు అడిగిన రోజు.

అప్పుడు చెప్పాను, అన్నీ, ఫ్యాన్ దగ్గర్నుంచి బంక దాకా. అక్క గడప దాటి లోపలికి వచ్చింది. నేను చూస్తుండగా ఆమె ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

"దీనికా? దీనికా పాపా ఇన్నేండ్లు మా ఇంటికి రాకుండా ఉండింది? నా చేతి వంట నచ్చలేదేమో అనుకొంటి గదనే నేను!"

ఏడుస్తూ నవ్వాను. గుండె మీది బరువు దిగినట్టు అనిపించిందని అందరూ అంటారు. నాకు మాత్రం ముందు ఆకలేసింది. ఆ ఇంట్లో తిని ఎన్నేళ్ళయిందో అక్కకు బాగా గుర్తుంది, లెక్క చెప్పి మరీ వడ్డించింది.

అన్నం తిన్నాక ఆ అమ్మాయి పెట్టె అడుగున ఉన్న మూడు మూలల కాగితం పొట్లం ఒకటి తీసింది. దాని మీద ఇంగ్లీషులో అదే వాగు పేరు, తేదీ మాత్రం నాలుగేళ్ళ తర్వాతది. నాలుగేళ్ళు ఆయన ఆ రాతి దగ్గరికి తిరుగుతూనే ఉన్నారన్నమాట. పొట్లం వెనక తమిళ అక్షరాల్లో ఒకే వరస. "కాళ్ళతో దొరికింది. పాపే గీయాల."

ఆ అమ్మాయి దాన్ని అద్దం కింద పెట్టింది. "కాళ్ళ వర్ణన ఇంతవరకూ ఎక్కడా రాలేదు మేడం. బొమ్మ మీరు వేస్తారా?" అంది. పెన్సిల్ ఆయన మేజా సొరుగులోనే దొరికింది.

మొదట తొడ గీశాను. తర్వాత మోకాలు. తర్వాత పిక్క, పొడుగ్గా, సన్నగా, దాని మీద నూగు వెంట్రుకలు. చెమట కారుతోంది. అక్క గడప అవతల నిలబడి నా వైపు కొంగుతో విసరబోయి, గుర్తొచ్చి ఆపేసింది.

పిక్క చివరికి వచ్చి ఆగాను. కన్ను అద్దానికి ఆనించి ఒకటికి రెండుసార్లు చూశాను.

"ఏమన్నా ఉండాదా పాపా?" అంది అక్క.

"ఏమీ లేదక్కా" అన్నాను. పిక్క చివర ముల్లు గీయకుండా పాదం గీయడం మొదలుపెట్టాను.